క్రిస్మస్ సెలవుల్లో పిల్లలతో ఏం చేయించాలి? స్టారా, పశువుల పాకా, కార్డులా?

డిసెంబరు రాగానే ఫోన్ నిండా క్రిస్మస్ క్రాఫ్ట్ వీడియోలే. ఐదు నిమిషాల్లో చెట్టు, పది నిమిషాల్లో శాంతాక్లాజ్. చూడ్డానికి అన్నీ బాగుంటాయి. ఇంట్లో మొదలుపెట్టాక మాత్రం కత్తిరించేది అమ్మ, అతికించేది నాన్న. పిల్లవాడు పక్కన కూర్చుని జిగురు డబ్బా అందిస్తుంటాడు. చివరికి గోడ మీద అందమైన వస్తువు ఒకటి వేలాడుతుంది గానీ, అది తాను చేసింది కాదని వాడికీ తెలుసు.

అందుకే ఏది చేయించాలన్న ప్రశ్న వచ్చినప్పుడు నేను ముందు చూసేది ఒక్కటే: ఇందులో పిల్లల చేతిపని ఎంత? ముప్పావు వంతు వాళ్లే చేయగలిగితే అది వాళ్లకు తగిన పని. సగం కంటే తగ్గితే, ఎంత తేలికగా కనిపించినా అది పెద్దవాళ్ల పనే. తయారైంది కాస్త వంకరగా ఉన్నా పర్వాలేదు. ఆ తర్వాత చూడాల్సినవి ఇంకో రెండు. చేతిలో ఎన్ని సాయంత్రాలున్నాయి? జిగురు, రంగు, మట్టి ఆరడానికి పట్టే టైమ్ వీడియోల్లో కనిపించదు. ఇంట్లో పిల్లల ఓపిక అయిపోయేది అక్కడే. ఇక చివరిది, పండుగ అయ్యాక ఆ వస్తువు ఏమవుతుంది? దాచుకుంటామా, మట్టిలో కలుపుతామా, చెత్తబండిలో వేస్తామా?

మన దగ్గర చలికాలం సెలవులు కూడా అందరికీ ఒకేలా రావు. సాధారణంగా మిషనరీ స్కూళ్లకు క్రిస్మస్‌కు, మిగతావాటికి సంక్రాంతికి ఎక్కువ రోజులు ఇస్తారు. పది రోజులు ఖాళీగా ఉన్న పిల్లలకు సరిపోయే పని, పండుగకు ఒక్కరోజు సెలవు దొరికిన పిల్లలకు సరిపోదు. పైగా ఇంట్లో పండుగ చేసుకునేవాళ్లే కాదు, స్కూల్లో సెమీ క్రిస్మస్‌కు ఏదో ఒకటి చేసి తెమ్మన్నారని ముందురోజు రాత్రి పిల్లలు చెబితే టెన్షన్ పడే ఇళ్లు కూడా చాలా ఉన్నాయి. వాళ్లకు పనికొచ్చేది కూడా చెబుతాను.

స్టార్ అయితే ఏ రకం?

తెలుగు ఊళ్లలో క్రిస్మస్ వస్తోందని అందరికంటే ముందు చెప్పేది స్టారే. చర్చి గోపురం మీద, డాబా పిట్టగోడ మీద, పెంకుటింటి వసారాలో, ఎక్కడైనా ముందు అదే వెలుగుతుంది. షాపులో దొరికేది మడత విప్పి తగిలించడమే. చేసుకోవాలనుకుంటే మూడు రకాలున్నాయి. వాటిలో ఒక్కోటి ఒక్కో వయసుకు నప్పుతుంది.

అన్నిటికంటే తేలిక ఐస్‌క్రీమ్ పుల్లల స్టార్. ఐదు పుల్లలు చాలు. పెన్ను ఎత్తకుండా ఐదు కోణాల నక్షత్రం గీస్తాం కదా, అదే వరుసలో పుల్లలు పేర్చి కొసల దగ్గర ఫెవికాల్ పెట్టాలి. ఆరేదాకా బట్టల క్లిప్పులు బిగిస్తే పుల్లలు జారవు. ఐదేళ్ల పిల్లలకు ఒక్కసారి చూపిస్తే రెండోది వాళ్లే చేసేస్తారు. అరగంట ఆగి రంగు వేసుకోవచ్చు, ఊలు చుట్టుకోవచ్చు. పుల్లలు లేకపోతే కొబ్బరి చీపురు ఈనెలు సమానంగా విరిచి దారంతో కట్టినా అదే స్టార్ వస్తుంది. కాకపోతే ముడి వేయడం వచ్చిన పిల్లలకే అది కుదురుతుంది.

రెండోది చార్ట్ పేపర్ మడత స్టార్. ఇది ఎనిమిదేళ్లు దాటినవాళ్ల పని. నక్షత్రం గీసి కత్తిరించాక ప్రతి కొస నుంచీ మధ్యబిందువుకు ఒక గీత, ప్రతి లోపలి మూల నుంచీ మధ్యబిందువుకు ఒక గీత గీయాలి. మొత్తం పది గీతలు. కొస గీతలు పైకి లేచేలా, మూల గీతలు లోపలికి దిగేలా మడిస్తే, చదునుగా ఉన్న కాగితం ఒక్కసారిగా ఉబ్బి నిలబడుతుంది. ఆ క్షణంలో పిల్లల ముఖం చూడాలి. ఒక చిట్కా ఏమిటంటే, ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో, స్కేలు పెట్టి గీతల మీద ముందే గట్టిగా గీస్తే మడత ఎక్కడా నలగదు. ఐదు కోణాలూ సమానంగా రావాలంటే వృత్తాన్ని 72 డిగ్రీల చొప్పున భాగించాలి. హైస్కూలు పిల్లలు కోణమానినితో అది చేసుకుంటారు. చిన్నవాళ్లకు మీరే అట్టతో నమూనా కోసిస్తే దాని చుట్టూ గీసుకుంటారు. కాగితం స్టార్‌కూ లెక్కల క్లాసుకూ పాత చుట్టరికమే ఉంది. ఇప్పుడు దేశదేశాల్లో కనిపించే మొరావియన్ స్టార్ 19వ శతాబ్దంలో జర్మనీలోని నీస్కీ అనే ఊళ్లో, మొరావియన్ అనే క్రైస్తవ సంఘం నడిపిన బడిలో, పిల్లలకు జామెట్రీ నేర్పే పనిగానే మొదలైంది.

మూడోది వెదురు బద్దల స్టార్. నిజంగా ఇంటిముందు వేలాడదీసి లైటు పెట్టుకునేది ఇదే. రెండున్నర అడుగుల బద్దలు పది కావాలి. ఐదింటితో ఒక నక్షత్రం, మరో ఐదింటితో ఇంకో నక్షత్రం కట్టి, రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి ఐదు కొసల దగ్గర బిగించాలి. తర్వాత లోపలి ఐదు మూలల్లో జానెడు లోపు పుల్లలు అడ్డంగా దూరిస్తే మధ్యలో పొట్ట వస్తుంది. లైటు ఉండేది ఆ ఖాళీలోనే. పైన పతంగుల కాగితం అతికిస్తే సరి. ఫిలిప్పీన్స్‌లో పరోల్ అనే క్రిస్మస్ దీపాన్ని కూడా దాదాపు ఇలాగే వెదురుతో, కాగితంతో కడతారు.

అయితే దీన్ని చిన్నపిల్లల క్రాఫ్ట్ అని ఎవరైనా చెబితే నమ్మకండి. బద్దలు చీల్చడం, పేళ్లు గుచ్చుకోకుండా గరుకు కాగితంతో రుద్దడం పెద్దవాళ్ల పని. మేదర పని చేసేవాళ్ల దగ్గర చీల్చిన బద్దలే అడిగి తెచ్చుకుంటే ఆ శ్రమ తప్పుతుంది. దారం కట్టడానికి తొమ్మిదీ పదేళ్ల పిల్లలు కావాలి. కాగితం అతికించడానికి మాత్రం ఇంట్లో ఎంతమంది ఉంటే అంతమందికీ చోటుంది. రెండు సాయంత్రాలు పడుతుంది. లోపల ఎల్‌ఈడీ బల్బే పెట్టండి, అదీ కాగితానికి తగలకుండా. పాతరకం ఫిలమెంట్ బల్బు వేడికి కాగితం మాడుతుంది. ఇక కొవ్వొత్తి సంగతి అసలు ఆలోచించవద్దు.

కోస్తాలో ఉండేవాళ్లు ఇంకొకటి గుర్తుపెట్టుకోవాలి. డిసెంబరు తొలి వారాల్లో తుఫాన్లు వస్తుంటాయి. 2023లో మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబరు 5న. కాగితం స్టార్‌ను నెల మొదట్లోనే ఆరుబయట కడితే ఒక్క జల్లుకు పోతుంది. వసారా కప్పు కింద కట్టండి, లేదా 15వ తేదీ దాటాక బయట పెట్టండి.

పశువుల పాక: నా ఓటు దీనికే

ఇంట్లో వేర్వేరు వయసుల పిల్లలుండి, వారం పదిరోజులు టైమ్ ఉంటే, మరేదీ వెతకనక్కర్లేదు, పశువుల పాక చేయించండి. యేసు పుట్టిన పాకను బొమ్మలతో చూపించే ఏర్పాటు ఇది, కొందరు క్రిబ్ అంటారు. స్టార్‌లో అసలు పని ఒకరిద్దరి చేతుల్లోనే ఉంటుంది. పాకలో నాలుగేళ్లవాడికీ, పద్నాలుగేళ్ల అమ్మాయికీ, ఊరి నుంచి వచ్చిన తాతయ్యకూ కూడా పని దొరుకుతుంది. ఒక్కరోజులో అయిపోదు కాబట్టి సెలవుల్లో రోజుకో చిన్న పని మిగిలే ఉంటుంది. పైగా ఇందులో కొనాల్సినవి చాలా తక్కువ.

1223లో అస్సీసీ ఫ్రాన్సిస్ అనే క్రైస్తవ సన్యాసి ఇటలీలోని గ్రెచియో అనే ఊళ్లో క్రిస్మస్ రాత్రి ఒక తొట్టి, ఎండుగడ్డి, నిజమైన ఎద్దు, గాడిద పెట్టించి యేసు పుట్టుకను జనానికి కళ్లముందు చూపించారు. క్రిబ్ ఆచారం ఇంత వ్యాపించడానికి మూలం అదే అంటారు. అంటే మొదటి నుంచీ ఇది ఖరీదైన బొమ్మలతో చేసేది కాదు, ఊళ్లో ఉన్నవాటితో చేసేదే.

ఇల్లు కోసం పార్సిల్ వచ్చిన అట్టపెట్టె ఒకటి చాలు. పక్కకు పడుకోబెడితే మూడు గోడలు, పైకప్పు సిద్ధం. పైన గడ్డి కప్పాలి. మన దగ్గర ఖరీఫ్ వరి కోతలు నవంబరు, డిసెంబరు నెలల్లోనే కాబట్టి పల్లెల్లో కొత్త గడ్డికి కొదవ ఉండదు. సిటీలో ఉంటే పాలవాళ్లను, పశువులున్నవాళ్లను అడిగితే గుప్పెడు దొరుకుతుంది. అదీ లేకపోతే పాత చీపురు పుల్లలు వరసగా అతికించండి. కొండలకు మందపాటి బ్రౌన్ పేపర్‌ను బాగా నలిపి, విప్పి, మళ్లీ నలిపి నిలబెట్టడమే. నాలుగేళ్లవాళ్లు అది బ్రహ్మాండంగా చేస్తారు.

పచ్చికను మాత్రం కొనవద్దు, మొలకెత్తించండి. ఈ మొత్తం పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. రాగులు గానీ ఆవాలు గానీ రాత్రంతా నానబెట్టి, తడిపిన దూది మీదో, పళ్లెంలో పలచగా పరిచిన మట్టి మీదో చల్లాలి. పొద్దునా సాయంత్రం చేత్తో నీళ్లు చిలకరిస్తే చాలు. రెండుమూడు రోజుల్లో మొలక కనిపిస్తుంది, వారం పదిరోజులకు వేలెడు పచ్చిక లేస్తుంది. 24వ తేదీకి అందాలంటే 14, 15 తేదీల్లో చల్లాలి. తెలంగాణలో రాత్రులు బాగా చల్లగా ఉంటాయి కాబట్టి అక్కడ ఇంకో రెండు రోజులు ముందే మొదలుపెట్టండి. నీళ్లు చిలకరించే పని ఇంట్లో అందరికంటే చిన్నవాళ్లకు అప్పగించండి. వాళ్లు లేవగానే ముందు ఆ పళ్లెం దగ్గరికే వెళతారు.

బొమ్మలకు రెండు దారులు. కాగితం బొమ్మలైతే అర్ధవృత్తం కోసి శంకువులా చుడితే ఒళ్లు, నలిపిన కాగితం ఉండ తల, పాత జాకెట్టు ముక్క శాలువా. ఆరేడేళ్ల పిల్లలు ఒక సాయంత్రంలో మరియనూ యోసేపునూ చేసేస్తారు. మట్టి బొమ్మలైతే కుమ్మరుల దగ్గర బంకమట్టి తెచ్చుకోవాలి. అరచేయంత లోపు బొమ్మలే చేయించండి. మరీ లావుగా చేస్తే పగుళ్లిస్తాయి. ఎండలో పెట్టినా అంతే, నీడలో రెండుమూడు రోజులు ఆరాలి. గొర్రె అన్నిటికంటే సులువు: మట్టి ఉండకు తల విరిచిన అగ్గిపుల్లలు నాలుగు గుచ్చి, పైన దూది అద్దడమే. మొదటిసారి చేయించేవాళ్లకు నా సలహా: మనుషులు కాగితంతో, పశువులు మట్టితో. మట్టిలో ముఖం, చేతులు తీర్చడం పిల్లలకు కష్టం. గొర్రె ఎలా వచ్చినా గొర్రెలాగే ఉంటుంది. ఇంట్లో సంక్రాంతి కొలువుకు పెట్టే కొండపల్లి ఎద్దుబండి ఉంటే దాన్ని కూడా పాక పక్కన నిలబెట్టుకోవచ్చు, ఏమీ తప్పు లేదు.

ఎంతమందిని చేయాలని పిల్లలు తప్పకుండా అడుగుతారు. బాలయేసును చూడటానికి వచ్చినవాళ్లలో గొర్రెల కాపరులు లూకా సువార్తలో, తూర్పు దేశపు జ్ఞానులు మత్తయి సువార్తలో కనిపిస్తారు. జ్ఞానులు ముగ్గురని అందరం అంటాం గానీ సువార్తలో సంఖ్య లేదు. మూడు కానుకలు ఉన్నాయి కాబట్టి ముగ్గురని అనుకుంటున్నాం. ఎద్దూ గాడిదా కూడా తర్వాత చేరినవే. కాబట్టి ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే ఇద్దరు జ్ఞానులు, నలుగురుంటే నలుగురు. ఎవరి జ్ఞానిని వాళ్లు చేసుకుంటే గొడవ ఉండదు.

పాకను 24వ తేదీకి మొత్తం పూర్తిచేసి పెట్టేయాలని లేదు. చాలా ఇళ్లలో తొట్టిని ఖాళీగా ఉంచి, 24 రాత్రి బాలయేసును పడుకోబెడతారు. జ్ఞానులను గది అవతల కిటికీ దగ్గర మొదలుపెట్టి రోజుకు కాస్త ముందుకు జరుపుతూ, జనవరి 6న ఆ జ్ఞానుల పేరనే జరిగే ముగ్గురు రాజుల పండుగకు పాక దగ్గరికి చేర్చవచ్చు. సెలవులు అయిపోయి స్కూలు మొదలైనా పిల్లలకు ఇంట్లో ఈ చిన్న పని మిగిలే ఉంటుంది. అంతా అయ్యాక గడ్డి, మట్టి, మొలకలు తోటలోకి పోతాయి. కాగితం మనుషులను డబ్బాలో దాచుకోవచ్చు. చెత్తబండికి పోయేది దాదాపు ఏమీ ఉండదు.

పాక వద్దనాల్సిన ఇళ్లూ ఉన్నాయి. అద్దె గదిలో నేల మీద మూడడుగుల చోటు లేకపోయినా, పాకే వయసు పాప ఉన్నా ఆగండి. మూడేళ్లలోపు పిల్లలకు ఆవాలు, అగ్గిపుల్లలు, దూది ఉండలు ఏవీ అందకూడదు, నోట్లో పెట్టుకుంటారు. ఆ ఇంట్లో గోడకు తగిలించే చార్ట్ స్టారే మేలు.

కార్డులు, గొలుసులు, మంచు పూలు

కాగితపు గొలుసు గురించి పెద్దగా చెప్పడానికేమీ లేదు. రంగు కాగితం పట్టీలు, గ్లూ స్టిక్, అంతే. అయితే మూడు నాలుగేళ్ల పిల్లలకు దీనికి మించిన పని లేదు, ఎందుకంటే మొత్తం వాళ్లే చేస్తారు. డిసెంబరు 1కి 24 ఉంగరాల గొలుసు తయారుచేసి, రోజుకొకటి తెంపుతూ పోతే పండుగకు ఎన్నాళ్లుందో చిన్నవాళ్లకు కంటితో తెలుస్తుంది.

కార్డు మీద చాలామందికి చిన్నచూపు, ఫోన్‌లో పంపేస్తున్నాం కదా అని. వ్యాపారంగా అచ్చయిన మొదటి క్రిస్మస్ కార్డు 1843లో లండన్‌లో హెన్రీ కోల్ వేయించినది. ఉత్తరాలన్నిటికీ విడివిడిగా జవాబు రాసే తీరిక లేక ఆయన ఆ దారి పట్టాడు. ఇప్పుడు పరిస్థితి తలకిందులైంది. చేత్తో చేసిన కార్డు వచ్చిందంటే, మనకోసం ఎవరో టైమ్ పెట్టారని అర్థం. ఊళ్లో ఉన్న అమ్మమ్మకో, అమెరికాలో ఉన్న పెదనాన్నకో పంపేదుంటే స్టార్, పాక రెండూ పనికిరావు, కార్డే చేయించాలి. విదేశాలకైతే నవంబరులోనే చేయించి పోస్టులో వేస్తే మంచిది.

మంచు పూలు, అంటే కాగితం మడిచి కత్తిరించే స్నోఫ్లేక్స్, అందరూ చేసేవే గానీ సగంమంది తప్పుగా మడుస్తారు. అలవాటుకొద్దీ నాలుగు మడతలు, ఎనిమిది మడతలు వేసేస్తే వచ్చే పువ్వుకు నాలుగో ఎనిమిదో రెక్కలుంటాయి. నిజమైన మంచు స్ఫటికానికి ఆరు. గడ్డకట్టేటప్పుడు నీటి అణువులు ఆరు మూలల అల్లికలో కుదురుకుంటాయి కాబట్టి అలా వస్తుంది. చదరపు కాగితాన్ని ఐమూలగా మడిస్తే త్రిభుజం వస్తుంది. దాని పొడవాటి అంచు మధ్యబిందువును పట్టుకుని మూడు సమాన భాగాలుగా మడవాలి. పైన మిగిలిన తోకలు కత్తిరించేసి, అంచుల్లో ఇష్టమొచ్చినట్టు కోతలు వేయడమే. ఆరు పొరలు అవుతాయి కాబట్టి మందపాటి కాగితం వద్దు. పతంగుల కాగితం, లేదా న్యూస్‌పేపర్ అయితే చిన్న కత్తెరకు తెగుతుంది. మూడు భాగాల మడత కుదరడానికి ఏడెనిమిదేళ్లు రావాలి. ఆ లోపు వయసువాళ్లకు మీరు మడిచిస్తే కోయడం వాళ్లది.

మంచు పడే చోట ఉన్న తెలుగు పిల్లలైతే కాగితంతో ఆగనక్కర్లేదు. చల్లబరిచిన నల్లగుడ్డ మీద రాలుతున్న మంచును పట్టి భూతద్దంతో చూసి, అదే ఆకారం కాగితం మీద కోయవచ్చు. అమెరికాలోని వెర్మాంట్‌లో విల్సన్ బెంట్లీ అనే రైతు 1885లో మొదలుపెట్టి జీవితకాలంలో 5,000కు పైగా మంచు స్ఫటికాలను ఫొటోలు తీశాడు. ఆ ఫొటోలు ముందు చూపించి తర్వాత కత్తెర ఇస్తే పిల్లలు కోసే తీరే మారుతుంది. నన్నడిగితే మంచు ఎన్నడూ చూడని మన పిల్లలకు స్టార్, పాక ముందు. స్నోఫ్లేక్ తర్వాత.

పదేళ్లు దాటి, ఇవన్నీ చిన్నపిల్లల పనులని ముఖం తిప్పుకునేవాళ్లకు డెన్మార్క్ కాగితపు గుండె నేర్పండి. రెండు రంగుల కాగితాలను మడిచి, పట్టీలుగా కోసి, ఒకదానిలోంచి ఒకటి దూర్చి అల్లితే చిన్న సంచి అవుతుంది. దానిలో చాక్లెట్ వేసి చెట్టుకు తగిలిస్తారు. దొరికిన వాటిలో పాతది కథల రచయిత హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ 1860లో చేసినదని చెబుతారు. మట్టల ఆదివారం నాడు ఆకులతో శిలువలు అల్లిన పిల్లలకు ఈ అల్లిక త్వరగానే పట్టుబడుతుంది.

ఉప్పు పిండి బొమ్మలు: మీరు ఎక్కడ ఉంటున్నారన్నది ముఖ్యం

రెండు కప్పుల మైదా, ఒక కప్పు ఉప్పు, ఒక కప్పులోపు నీళ్లు కలిపి చపాతీ ముద్దలా చేసి, అర సెంటీమీటరు మందంగా వత్తి, డబ్బా మూతలతో ఆకారాలు కోస్తారు. స్ట్రాతో పైన చిల్లు పెడితే చెట్టుకు కట్టుకోవచ్చు. ఓవెన్ ఉంటే 100 నుంచి 120 డిగ్రీల దగ్గర రెండుమూడు గంటలు పడుతుంది, లేకపోతే నాలుగైదు రోజుల ఎండ. పిల్లలకు పిండి పిసకడమంటే ఇష్టం కాబట్టి ఇది ఎక్కడ చూసినా కనిపిస్తుంది.

హైదరాబాదులోనో, కర్నూలులోనో ఉంటే డిసెంబరు పొడిగాలికి బాగానే ఆరతాయి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు ఉంటే నేను దీన్ని సిఫారసు చేయను. పిండిలోని ఉప్పు, గాలిలోని తేమను లాగుతుంది. ఆరిన బొమ్మ కూడా కొన్నాళ్లకు మెత్తబడి, రంగు ఊడిపోతుంది. రెండువైపులా వార్నిష్ వేస్తే కొంత ఆగుతుంది గానీ అది పిల్లల పని కాదు. సముద్రం దగ్గరివాళ్లకు మెరుగైనది సోడా పిండి. రెండు కప్పుల వంటసోడా, ఒక కప్పు కార్న్‌ఫ్లోర్, కప్పుంపావు నీళ్లు కలిపి సన్నని మంట మీద ముద్దయ్యేదాకా మీరు కలిపి, చల్లారాక పిల్లలకు ఇవ్వండి. నున్నగా, తెల్లగా వస్తుంది. ఒకటి రెండు రోజుల్లో నీడలోనే ఆరుతుంది. ఖర్చు కాస్త ఎక్కువ. ఉప్పు పిండిని కుక్క ఉన్న ఇంట్లో ఎక్కడ ఉన్నా చేయవద్దు. అంత ఉప్పు తింటే కుక్క ప్రాణం మీదికి వస్తుంది.

కొనేముందు

థర్మకోల్ గురించి గట్టిగా చెప్పాలి. అలంకరణకు వాడే థర్మకోల్‌ను కేంద్రం 2022 జులై 1 నుంచి నిషేధించింది. ఇప్పటికీ స్కూల్ ప్రాజెక్టుల పేరుతో పిల్లలను షాపులకు పంపుతున్నారు. కోస్తే ఇల్లంతా పూసలు పూసలుగా రాలుతుంది, మట్టిలో కలవదు. అది చేసే ప్రతి పనీ అట్టపెట్టెతో అవుతుంది. మెరుపుల పొడి కూడా అంతే. విడిగా అమ్మే ప్లాస్టిక్ గ్లిట్టర్‌ను యూరోపియన్ యూనియన్ 2023 అక్టోబరు నుంచి ఆపేసింది. మెరుపు కావాలంటే చాక్లెట్ల రేకులు దాచిపెట్టి కత్తిరించుకోండి, అవీ మెరుస్తాయి, ఊడ్చుకోవడమూ సులువే.

వేడి గ్లూ గన్ పిల్లల చేతికి ఇవ్వవద్దు. కాగితానికి మైదా ఉడికించిన జిగురు, చెక్కకు ఫెవికాల్, ఈ రెండూ చాలు. చిన్న ఎల్‌ఈడీ దీపాల్లో ఉండే గుండీ బ్యాటరీలు మింగితే చాలా ప్రమాదం. స్క్రూతో మూత బిగించినవే కొనండి.

సంక్రాంతికే సెలవులు వచ్చే పిల్లలుంటే వెదురు స్టార్ వైపు ఇంకాస్త మొగ్గండి. మిగిలిన బద్దలు, అదే పతంగుల కాగితం, అదే మైదా జిగురు జనవరిలో గాలిపటానికి సరిపోతాయి. అడుగున్నర చదరపు కాగితం, ఐమూలగా ఒక నిలువు పుల్ల, దాని మీద విల్లులా వంచిన సన్నని పుల్ల, కింద కాగితపు తోక. ఎగరేయడానికి నూలు దారమే ఇవ్వండి. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించింది.

ఇక రాత్రి ఎనిమిదింటికి, అమ్మా రేపు క్రిస్మస్ క్రాఫ్ట్ తీసుకెళ్లాలి అని పిల్లలు చెప్పినప్పుడు షాపుకు పరిగెత్తకండి. ఫ్రిజ్‌లోంచి బెండకాయ తీసి అడ్డంగా కోయండి. మన బెండకాయల్లో ఎక్కువ రకాలకు ఐదు అంచులు కాబట్టి కోసిన ముక్క ఐదు కోణాల నక్షత్రమే. కాస్త లావు కాయ అయితే మంచిది. పళ్లెంలో చిక్కటి వాటర్ కలర్ పోసి, ముక్కను అద్ది, మడిచిన చార్ట్ మీద గుద్దమనండి. మూడేళ్లవాళ్లకైనా వస్తుంది. రంగు పలచగా ఉంటే కారుతుంది, కాబట్టి ముందు పాత కాగితం మీద ఒకటి రెండు ముద్రలు వేయించి చూడండి. మధ్యలో పెద్ద నక్షత్రం కావాలంటే బంగాళదుంపను సగానికి కోసి మీరు చెక్కివ్వండి. లోపల పేరు పిల్లల చేతిరాతలోనే ఉండాలి. పావుగంటలో ఆరుతుంది, పొద్దున్నే బ్యాగులో పెట్టేయవచ్చు.